రికార్డుకి రెండో పక్క

ఇంట్లో కాలేజీకి వెళ్ళే పిల్లలుంటే ఆ చప్పుడు మీకు పరిచయమే అయివుంటుంది. మూసిన తలుపు వెనకనుంచి వస్తుంది. పైన కాగిన నూనెలో ఆవాలు చిటపటలాడుతున్నట్టు డ్రమ్ములు, అడుగున నేలలోంచి పుట్టుకొస్తున్నట్టు ఓ హుంకారం. అద్దాల అలమారలో కప్పులు సన్నగా వణుకుతాయి. "ఏమిటే అది?" అని తలుపు తడితే "డ్రమ్ అండ్ బేస్" అని రెండు ముక్కల్లో జవాబొస్తుంది, తలుపు మళ్ళీ మూసుకుంటుంది. పెద్దవాళ్ళు "ఇదీ ఓ సంగీతమేనా!" అనుకుంటూ తమ పనిలో తాము పడతారు.

ఇంట్లో అంత వయసు పిల్లలు లేనివాళ్ళు కూడా దీన్ని విననట్టు కాదు. పవర్‌పఫ్ గర్ల్స్ అని టీవీలో ఓ బొమ్మల సినిమా వస్తూవుండేది, గుర్తుందా? ముగ్గురు బుల్లి ఆడపిల్లలు, గాల్లో ఎగురుతూ దుర్మార్గుల్ని చితకబాదుతుంటారు. దానికి మొదట్లో హడావిడిగా వచ్చే డ్రమ్ములు ఆ బాపతువే. బాపతు అంటే అలాంటివని కాదు సుమండీ, అవే! అట్లాంటాలో ఒక మనిషి ఒకనాడు వాయించిన ఏడు సెకన్ల వాద్యం అది. ఇలాటి రికార్డులు వేలల్లో వుంటే, వాటిలో ఎన్నిటికో పునాదిరాయి ఆ ఏడు సెకన్లే. ఏడు సెకన్లంటే ఎంతని? కుక్కరు ఒక విజిల్ వేసి ఊరుకున్నంత.

ఆ కథ 1969 నాటిది. వాషింగ్టన్‌లో ది విన్‌స్టన్స్ అని ఓ పాటల బృందం వుండేది. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి వాయించేవారు. ఆ రోజుల్లో అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఈ కలయికే వాళ్ళకి పెద్ద చిక్కు, కచేరీలు దొరికేవి కావు. నాయకుడు రిచర్డ్ స్పెన్సర్, పాటలు రాసేవాడు, పాడేవాడు, శాక్సొఫోన్ వాయించేవాడు. డ్రమ్ములు గ్రెగరీ కోల్మన్‌వి. వీళ్ళు అట్లాంటా వెళ్ళి ఒక చిన్న రికార్డు ఇచ్చారు. ముందు పక్క పాట పేరు కలర్ హిమ్ ఫాదర్.

ఆ పాటలో సంగతి మన కథల్లో వచ్చేదే. యుద్ధంలో తండ్రి చనిపోతే, ఏడుగురు పిల్లలతో మిగిలిపోయిన తల్లిని ఒకాయన పెళ్ళి చేసుకుంటాడు. ఆ మారుతండ్రిని గురించి పిల్లవాడు చెప్పుకునే పాట. పొద్దున లేచి పనికి వెళ్ళడం, పిల్లల చదువు సంగతి చూడడం, అమ్మ మొహంలో నవ్వు తెప్పించడం, అంతే! మారుతండ్రి అనగానే రాక్షసుణ్ణి చెయ్యడానికి అలవాటుపడ్డ మన సినిమాల పక్కన పెట్టి చూస్తే ఎంత హాయిగా వుంటుందో చెప్పలేను. పదిలక్షల పైచిలుకు రికార్డులు అమ్ముడుపోయాయి. అమెరికా పాటల పట్టికలో ఏడో స్థానం దాకా వెళ్ళింది. 1970లో స్పెన్సర్‌కి గ్రామీ బహుమతి వచ్చింది.

కాని రికార్డుకి రెండు పక్కలుంటాయి కదా. రెండో పక్క ఖాళీగా వదలరు, ఏదో ఒకటి నింపాలి. వేళగాని వేళ చుట్టాలొస్తే ఇంట్లో వున్న పప్పూ చింతపండుతోనే ఇంత చారు కాచి గండం గట్టెక్కిస్తామే, అలా వీళ్ళూ చేశారు. ఆమెన్ అని నల్లవాళ్ళ చర్చిలో పాడుకునే పాట ఒకటుంది. దాని బాణీ పట్టుకుని, మాటలు లేకుండా, గబగబా వాయించేసి ఆమెన్, బ్రదర్ అని పేరు పెట్టారు. మొత్తం రెండున్నర నిమిషాలు. సగం దాటాక మిగతా వాద్యాలన్నీ ఆగిపోతాయి. కోల్మన్ ఒక్కడే నాలుగు ఆవర్తాలు డ్రమ్ములు వాయిస్తాడు. మళ్ళీ అందరూ అందుకుంటారు. ఆ నాలుగు ఆవర్తాలే మనం చెప్పుకుంటున్న ఏడు సెకన్లు.

ఇందులో విశేషమేమిటంటారా? కచేరీల్లో తని ఆవర్తనం విన్న చెవికి వెంటనే పట్టుబడుతుంది. మొదటి రెండు ఆవర్తాలూ అంతదాకా వస్తున్న నడకే. మూడోదానిలో చిన్న డ్రమ్ము మీద పడాల్సిన దెబ్బని ఒక్క పిసరు ఆలస్యం చేశాడు. నాలుగోదానిలో మొదటి దెబ్బ అసలు వెయ్యనే లేదు! మనం తొడమీద తాళం వేస్తూ అక్కడికొచ్చేసరికి చెయ్యి పడుతుంది గాని శబ్దం వుండదు. మెట్టుందనుకుని కాలేస్తే లేకపోయినట్టు. ఆ తర్వాత కంచుపళ్ళెం మీద దెబ్బ మనం అనుకున్నదానికన్నా ముందే ఖంగున మోగుతుంది. మన మృదంగ విద్వాంసులు దీన్ని వింటే చిన్నగా నవ్వి తల పంకిస్తారు. అంతటి మహావిద్యేం కాదు, కాని ఆ బిగువు, ఆ తొణుకు, నిన్ననే వాయించినట్టు తాజాగా వుంటాయి. ఆ రోజు ఎవరూ పట్టించుకోలేదు. మరుసటి సంవత్సరమే బృందం విడిపోయింది, ఎవరి దారిన వాళ్ళు పోయారు.

దీన్ని బయటికి తీసింది న్యూయార్కులో నృత్యాలాడే కుర్రకారు. అక్కడికి కాస్త వెనక్కి వెళ్ళాలి. 1973 ఆగస్టు 11న బ్రాంక్సు పేటలో సిండీ కాంప్‌బెల్ అనే ఆడపిల్ల, బడి తెరిచేలోగా కొత్తబట్టలకి డబ్బు కావాలని, తాముండే మేడలోనే పార్టీ పెట్టింది. ఆడపిల్లలకి పావు డాలరు టిక్కెట్టు, మగపిల్లలకి అర డాలరు. (ఎంత న్యాయం!) రికార్డులు వెయ్యడానికి అన్నని కూర్చోబెట్టింది. జమైకానుంచి వచ్చిన ఆ అన్నగారే కూల్ హెర్క్. పాటలో పాడేవాళ్ళు ఆగి డ్రమ్ములొక్కటే మోగే ఘట్టం రాగానే జనం రెచ్చిపోయి ఆడటం ఆయన కనిపెట్టాడు. ఒకే రికార్డువి రెండు ప్రతులు రెండు యంత్రాలమీద పెట్టి, ఇక్కడ ఆ ముక్క అవగానే అక్కడ మొదలుపెట్టి, పది సెకన్లది పదినిమిషాలు లాగే కిటుకు ఆయనది. అంచేత పాత రికార్డుల్లో డ్రమ్ముల ముక్కలకి గిరాకీ పుట్టింది. 1986లో న్యూయార్కులోనే ఇద్దరు మిత్రులు అలాంటి ముక్కలున్న పాటలన్నీ ఏరి అల్టిమేట్ బ్రేక్స్ అండ్ బీట్స్ అని సంపుటాలుగా వెయ్యడం మొదలుపెట్టారు. మొదటి సంపుటంలోనే ఆమెన్, బ్రదర్ ఎక్కింది.

ఇక ఆ తర్వాత పని శాంప్లర్ అనే యంత్రానిది. పేరు కొత్తగా వుందిగాని అదేం బ్రహ్మవిద్య కాదు. రికార్డులోంచి ఓ ముక్క కత్తిరించి జ్ఞాపకం పెట్టుకుంటుంది. మీట నొక్కితే వినిపిస్తుంది. ముక్కని ఇంకా చిన్న ముక్కలు చెయ్యొచ్చు, అటుదిటూ ఇటుదటూ మార్చి కుట్టుకోవచ్చు. దర్జీవాడి దగ్గర మిగిలిన పేలికలు తెచ్చుకుని బొంత కుట్టడం మన అమ్మమ్మలకి తెలియని విద్యా? కోల్మన్ వాయించిన ఏడు సెకన్లూ అలా పేలికలై, లండన్ చేరి, కొన్ని వేల బొంతలయ్యాయి.

లండనే ఎందుకంటే, రెండో ప్రపంచయుద్ధం అయ్యాక జమైకానుంచీ చుట్టుపక్కల దీవులనుంచీ వచ్చి స్థిరపడ్డ కుటుంబాల పిల్లలు అక్కడ పెరిగి పెద్దవాళ్ళయ్యారు. గదంత స్పీకర్లు వీధిలో పెట్టి మంద్రస్థాయిని గుండెలకి తగిలేలా మోగించడం వాళ్ళ తాతల నాటి ముచ్చట. 1990 ప్రాంతాల్లో ఆ మంద్రం కింద పెట్టి, అమెరికానుంచి వచ్చిన డ్రమ్ముల ముక్కల్ని వేగం పెంచి పైన పెట్టారు. మొదట్లో జంగిల్ అన్నారు, తర్వాత డ్రమ్ అండ్ బేస్ అన్నారు. ప్రభుత్వ రేడియో దీన్ని పట్టించుకోకపోతే, పేదలుండే ఎత్తైన మేడల పైకెక్కి దొంగచాటుగా ఏరియళ్ళు కట్టి సొంత రేడియోలు నడుపుకున్నారు. 1991లో మొదలైన కూల్ ఎఫ్.ఎం. అలాంటిదే.

వేగమంటే గుర్తొచ్చింది. మా మేనకోడలు చదువుకోసం మా ఇంట్లోనే వుంటోంది. ఓ ఆదివారం ఆ రికార్డు నాకు వినిపించమన్నాను. నేను చెయ్యి తొడమీద వేసుకుని తాళం వెయ్యబోతే అది పకపకా నవ్వింది.

"దీనికి తాళమేమిటత్తా! నిమిషానికి నూట డెబ్భై, చెయ్యి పడిపోతుంది."

"డ్రమ్ముల వెంట నువ్వు పరిగెత్తు. నేను కిందదాని వెంట నడుస్తాను" అన్నాను.

కింద మంద్రం వుంది చూశారూ, దాని నడక డ్రమ్ముల్లో సగం. పైది నిమిషానికి 170 అయితే ఇది 85. మెట్లెక్కి పైకొచ్చిన మనిషి గుండె కొట్టుకున్నంత. వీణ నేర్చుకున్నవాళ్ళకి సరళీస్వరాలనాడే ఈ లెక్క తెలుసు. మొదటి కాలం, రెండో కాలం. ఎడం చెవితో ఒకటీ కుడిచెవితో ఒకటీ విన్నట్టు, రెండు కాలాలూ ఒక్కసారే నడుస్తున్నాయి. హడావిడి పడేది పైన, నింపాదిగా వుండేది కింద. పెళ్ళివారింట్లో పిల్లలు చుట్టూ పరుగులు పెడుతుంటే బామ్మగారు మధ్యలో కూర్చుని తమలపాకులు తుడుస్తున్నట్టుంటుంది. ఇది పట్టుబడితే ఆ చప్పుడు చప్పుడులా వుండదు. అయితే ఫోనులో వుండే చిన్న స్పీకరుతో వింటే మాత్రం బామ్మగారు కనపడరు, పిల్లల గోలే మిగుల్తుంది. అసలు తగువంతా అక్కడే వస్తోందని నా అనుమానం.

కోల్మన్ ముక్క అసలు వేగం నిమిషానికి 137 దాకా వుంటుంది. దాన్ని 170కి తెస్తే శ్రుతి కూడా పెరిగిపోతుంది. చిన్నప్పుడు 33 వేగం రికార్డుని 45లో పెట్టి ఘంటసాలగారి గొంతుని చిలకపలుకులు చేసి నవ్వుకున్నవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు. డ్రమ్ములకి అదే అందమైంది. చిన్న డ్రమ్ము గొంతు సన్నబడి, టపటపమనే దెబ్బ ఛళ్ళుమనే దెబ్బైంది. శ్రుతి మారకుండా వేగం మార్చే యంత్రాలు కూడా వచ్చాయిగాని, ఈ పిల్లలు వాటినీ మొండిగా వాడి కొత్త శబ్దాలు పుట్టించారు.

ఈ సంగీతం గురించి చెప్పేవాళ్ళు మగవాళ్ళ పేర్లే ఎక్కువ చెబుతారు. అందులో పెద్దపేరు గోల్డీ. కాని ఆయనకి ఈ సంగీతాన్ని మొదట పరిచయం చేసింది ఒకావిడ. కెమీ ఒలుసాన్యా, మేకప్ ఆర్టిస్టు. ఆమె స్నేహితురాలు జేన్ కొన్నీలీ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేది. వీళ్ళిద్దరూ పగలు ఉద్యోగాలు చేసుకుంటూ, రాత్రిళ్ళు రికార్డు యంత్రాలమీద సాధన చేసి, కెమిస్ట్రీ అండ్ స్టార్మ్ అనే పేరుతో జంటగా నిలబడ్డారు. ఒక పాట అయిపోయేలోగా రెండోదాన్ని అదే వేగానికి తెచ్చి, కలిసిన చోటు తెలియకుండా కలపాలి. పట్టుచీర చిరుగుని రఫ్ఫు చేసినంత నేర్పు కావాలి దానికి. గోల్డీతో కలిసి 1994లో మెటల్‌హెడ్జ్ అనే రికార్డుల సంస్థ పెట్టినప్పుడు దాని పనులు చూసుకున్నదీ వీళ్ళే. 1999లో డీజే-కిక్స్ అనే వరుసలో వీళ్ళ జంట రికార్డు వచ్చింది. ఇప్పుడు విన్నా ఎక్కడా అతుకు తెలియదు.

అదే ఏడాది ఏప్రిల్ 25న ఇద్దరూ ఓ కచేరీ ముగించుకుని రాత్రివేళ కారులో వస్తున్నారు. రోడ్డు మధ్య దారి తెలియడానికి మెరిసే గాజుబిళ్ళలు పాతిపెడతారు చూడండి, ముందు వెళ్తున్న వ్యాను చక్రానికి అలాంటిదొకటి ఇనపచట్రంతో సహా వూడి ఎగిరొచ్చి అద్దం పగలగొట్టుకుని కెమీకి తగిలింది. ఆమెకి 35 ఏళ్ళు. స్నేహితురాలు కొన్నాళ్ళకి మళ్ళీ ఒంటరిగా యంత్రాల ముందు నిలబడింది. స్టార్మ్ అనే పేరు మాత్రమే మిగిలింది.

గోల్డీ మాటకొస్తే, జమైకా తండ్రికీ స్కాట్లండు తల్లికీ పుట్టి, పసితనంలోనే పెంపుడిళ్ళ పాలై, అనాథల హాస్టళ్ళలో పెరిగాడు. 1995లో వచ్చిన టైమ్‌లెస్ ఆయన పేరు నిలబెట్టింది. అందులో పేరుపాట 21 నిమిషాలు. డయాన్ చార్లమేన్ అనే ఆవిడ గొంతు ఆ డ్రమ్ముల వాన మధ్య గొడుగు పట్టుకున్నట్టు నిదానంగా నడుస్తుంది. నన్నడిగితే దీనితోనే మొదలుపెట్టమంటాను. 1998లో మదర్ అని మరోటి చేశాడు, ఏకంగా గంట! తన్ని వదిలేసిన తల్లిని గురించి. పత్రికలవాళ్ళు ఇంతపొడుగు పాటా అని వేళాకోళం చేశారు. పొడుగే, కాదనను. వయొలిన్లు సాగి సాగి వినేవాళ్ళ ఓపికని పరీక్షిస్తాయి, డ్రమ్ములు రావడానికే చాలాసేపు పడుతుంది. అయినా, తల్లిమీద కోపమూ బెంగా కలిసివున్న కొడుకుని మూడు నిమిషాల్లో తేల్చమనడం ఏం న్యాయం?

ఆ రోజుల్లో లండన్‌లో బ్లూ నోట్ అనే చోట ఆదివారం రాత్రులు మెటల్‌హెడ్జ్ వాళ్ళవి. సోమవారం రాత్రులు తల్వీన్ సింగ్‌వి. లండన్‌లో పుట్టి, పంజాబు వెళ్ళి తబలా నేర్చుకొచ్చిన పిల్లవాడు. ఆ సోమవారాల పేరు అనోఖా. అదే పేరుతో 1997లో వచ్చిన రికార్డులో రెహమాన్ చేసిన బొంబాయి సినిమా వాద్యసంగీతం కూడా వుంది. మనవాళ్ళంతా ఎరిగిన ఆ వేణువు, ఆ డ్రమ్ముల పక్కన ఏమాత్రం మొహమాటపడదు. తల్వీన్ రికార్డు ఓకే కి 1999లో మెర్క్యురీ బహుమతి వచ్చింది. దానికి రెండేళ్ళముందు అదే బహుమతి రోనీ సైజ్ బృందం న్యూ ఫార్మ్స్ కి ఇచ్చారు. అందులో నిలువెత్తు బేస్ వయొలిన్ని మనిషే వాయించాడు. యంత్రాల మధ్య ఆ వేళ్ళ రాపిడి వినపడుతుంటే నాకెందుకో ధైర్యంగా వుంటుంది. తబలా సంగతి వేరు. దాయ మీద తల్వీన్ వేళ్ళు ఆ వేగానికి ఏ యంత్రం సాయమూ లేకుండానే వెళ్తాయి.

కొత్తవాళ్ళలో ఆడపిల్లలు ఎక్కువమంది కనిపించడం నాకు నచ్చింది. నియా ఆర్కైవ్స్ అనే అమ్మాయి బ్రాడ్‌ఫర్డులో 1999లో పుట్టింది. తనే రాసి, తనే పాడి, కంప్యూటరు ముందు కూర్చుని డ్రమ్ములూ తనే కత్తిరించుకుంటుంది. ఆమె సైలెన్స్ ఈజ్ లౌడ్ 2024లో వచ్చి మెర్క్యురీ పరిశీలనకి వెళ్ళింది. పైన డ్రమ్ములు పరుగులు పెడుతుంటే ఆ పిల్ల ఒంటరితనాన్ని గురించి డైరీ చదువుకుంటున్నట్టు పాడుతుంది. కొన్ని పాటలు ఒకదాన్ని పోలి ఒకటి వున్నమాట నిజమే. అయినా వంటపని చేసుకుంటూ వినడానికి ఇంత చక్కటిది ఈమధ్య నాకు తగల్లేదు.

ఇంతమంది ఇన్ని రికార్డులు చేశారు కదా, మరి ఆ ఏడు సెకన్లు ఇచ్చినవాళ్ళకి ఏం ముట్టింది?

స్పెన్సర్ తన పాట ఇలా దేశాలు తిరుగుతోందనే తెలియకుండా సంగీతం వదిలేసి, పైచదువులు చదివి, బడిపంతులయ్యాడు. 1996లో ఒక రికార్డు కంపెనీనుంచి ఫోనొచ్చింది, ఆమెన్, బ్రదర్ అసలు టేపు మీ దగ్గరుందా అని. అప్పుడు తెలిసింది ఆయనకి. అప్పటికే దావాలకి గడువు దాటిపోయింది. పైగా అమెరికా కేంద్రచట్టంలో ధ్వనిముద్రణలకి రక్షణ మొదలైంది 1972 ఫిబ్రవరిలో, ఇది 1969 నాటిది. దొంగతనమేనని చాలా ఏళ్ళు ఆయన మండిపడ్డాడు. ఎందుకు మండిపడడు? మన చెరువులో చేప అందరూ పట్టుకుపోతూ, మనల్ని గట్టుమీదకి కూడా పిలవకపోతే?

కాని నా మనసు స్పెన్సర్ దగ్గర ఆగదు. పాట రాసినవాడిగా ఆయన పేరైనా కాగితాలమీద వుంది. వాయించిన కోల్మన్ పేరు ఆ ప్లేటుమీదే లేదు. బృందం విడిపోయాక ఆయన బతుకు గతుకుల్లో పడింది. 2006లో అట్లాంటాలో, ఇల్లూ వాకిలీ లేకుండా, బీదరికంలో చనిపోయాడు. తన చెయ్యి అన్ని దేశాల్లో మోగుతోందన్న సంగతి ఆయనకి తెలిసే వుండదని స్పెన్సర్ అభిప్రాయం.

శాంప్లర్లతో పాటలు కట్టిన కుర్రవాళ్ళు దుర్మార్గులని నేననను. వాళ్ళూ గదికి అద్దె కట్టలేనివాళ్ళే, ఎవరి పాటో కూడా చాలామందికి తెలియదు. పెద్ద కంపెనీలకి ఆ సాకు చెల్లదు. వాళ్ళ దగ్గర వకీళ్ళున్నారు, ఎవరి పాటకి ఎవరికి డబ్బివ్వాలో లెక్కలు చూసే గుమాస్తాలున్నారు. తెలుసుకోవాలనుకుంటే ఒక్క ఉత్తరం చాలు.

2015లో ఒక ఇంగ్లీషు డిస్క్ జాకీకి సిగ్గేసినట్టుంది. ఈ సంగీతం తిని బతికినవాళ్ళం తలా కాస్తా ఇద్దామని చందాలకి పిలుపిచ్చాడు. ఒకరు ఐదు పౌన్లు, ఒకరు పది, అలా 24,000 పౌన్లు పోగయ్యాయి. చెక్కు స్పెన్సర్ చేతికిచ్చారు. అప్పటికి డెబ్భై దాటిన పెద్దమనిషి, సంతోషించి అందరికీ కృతజ్ఞత చెప్పాడు. కోల్మన్ పోయి అప్పటికి తొమ్మిదేళ్ళు. స్పెన్సర్ కూడా 2020 డిసెంబరులో వెళ్ళిపోయాడు.

లక్షల్లో అచ్చయిన రికార్డు కనక పాతసరుకు కొట్లలో అది ఇంకా కనపడుతూనే వుంటుంది. గ్రామీ వచ్చిన ముందు పక్క పాటకోసం అడిగేవాళ్ళు తగ్గిపోయారు. ఇప్పుడు కొనేవాళ్ళు చాలామంది ఇంటికి తెచ్చుకోగానే బోర్లా తిప్పి పెడతారు.